లోపాల అర

మొన్న ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఇన్‌వార్డు బల్ల ముందు నిలబడి ఉండగా, తేదీ ముద్ర కాగితం మీద పడిన చప్పుడు వినిపించింది. ఊదారంగు సిరా వాసన ముక్కుకు తగిలింది. ఉద్యోగ విరమణ చేసి చాలా ఏళ్లయినా, ఆ చప్పుడు వింటే నా చూపు దానంతటదే ముద్ర మీదికి పోతుంది. నేనిచ్చిన కాగితం మీద నిన్నటి తేదీ పడింది. బల్ల వెనుక కూర్చున్న అమ్మాయి పొద్దున్న వచ్చి ముద్రలోని చక్రం తిప్పడం మరచిపోయింది. తేదీ సరిచేసి మళ్లీ వేయమన్నాను.

"నిన్నటి తేదీ పడితే మీకే మంచిది కదా తాతగారూ. ఒక రోజు ముందే ఇచ్చినట్టుంటాది" అంది ఆమె నవ్వుతూ.

"నిన్న నేను ఇక్కడికి రాలేదమ్మా."

"ఒక్క రోజుకి ఇంత గొడవేటండీ బాబూ!" అంటూ ఆమె చక్రం తిప్పి, మొదటి ముద్రను కొట్టివేసి, పక్కన మరొకటి వేసింది. కొట్టివేత దగ్గర పొట్టి సంతకం చేయించుకున్నాను. దాని కింద సమయం కూడా వేయమన్నాను. నా వెనుక వరుసలో ఎవరో గట్టిగా విసుక్కున్నారు. విసుక్కోవడానికి వారికి హక్కు ఉంది. నకలు మీద కూడా అలాగే వేయించి, మడిచి జేబులో పెట్టుకుని బయటికి వచ్చాను. మనకు అనుకూలంగా ఉన్న అబద్ధపు తేదీనే అన్నిటికంటే ఎక్కువగా అనుమానించాలని నాకు నేర్పిన మనిషి ఆ మెట్లు దిగుతుండగా గుర్తుకు వచ్చారు. ఆమె పేరు అప్పలనరసమ్మ గారు. చోడవరంలో న్యాయవాది. ఆమెను పేరుతో పిలిచినవారు తక్కువ, అందరికీ ప్లీడరమ్మ. ఆమె కూర్చున్న గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం నడుస్తున్నది. ఆమెను ఎరగనివారి కోసం, నాకు గుర్తున్నంతవరకు, ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో ఆమె దగ్గర ఏడాదిపాటు టైపు పనిచేశాను. ఆమె పొట్టి మనిషి. నల్లకోటు వేసుకోవడం కంటే మోచేతి మీద మడిచి పెట్టుకోవడమే ఎక్కువ. కోర్టులో నిలబడితే ఆమె నోట వ్యాకరణం తప్పని తెలుగు వచ్చేది. మెట్లు దిగగానే మా ఊరి మాట తిరిగి వచ్చేది. ఏ కాగితం చేతికి వచ్చినా మూడుసార్లు చూసేవారు. ముందొకసారి, వెనుకొకసారి, చివరకు కిటికీ దగ్గరకు పోయి వెలుతురుకు ఎత్తిపట్టి మరొకసారి. కాగితాన్ని అంతగా శంకించే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ముద్రపడిన కాగితాన్ని గౌరవించాలని నేర్పిన ఇంట్లో పెరిగినవాణ్ణి గనుక, మొదట్లో అది నాకు అమర్యాదగా తోచింది.

ఒకనాడు సాయంత్రం బస్టాండు దగ్గర టీకొట్టు నడిపే మనిషి ఒక నోటీసు పట్టుకుని వచ్చాడు. అధికారులు ఆ రోజు మధ్యాహ్నం స్థలాన్ని స్వయంగా పరిశీలించారనీ, ఆక్రమణ అని తేల్చుకున్న తరువాతే కొట్టు తొలగించమని ఉత్తర్వు ఇచ్చారనీ అందులో ఉంది. ప్లీడరమ్మ నా చేత బిగ్గరగా చదివించి, "ఎలగుంది బాబూ?" అని అడిగారు. నియమం ప్రకారమే ఉన్నదన్నాను. ఆమె టీకొట్టు మనిషి వైపు తిరిగి, అది ఎన్ని గంటలకు అందిందో అడిగారు. పొద్దున్న పదింటికి, రెండో విడత పాలు కాగుతుండగా అందిందని అతను చెప్పాడు.

"మధ్యానం సూసి రాసిన కాగితం పొద్దున్న పదింటికి ఎలాగొచ్చేసింది బాబూ? రెక్కలున్నాయేటి దానికి?" అన్నారు ఆమె నాతో. నేను నోటీసు మళ్లీ మొదటి నుంచి చూశాను. "ముందు శిక్ష రాసీసుకుని, తరవాత తప్పు ఎతుక్కున్నారన్నమాట. తేదీ ఒక్కటీ సాలదు. నువ్వు ఎక్కడ పనిసేసినా, ఏ కాగితం పుచ్చుకున్నా, సంతకం కింద గంట ఎయ్యి. సచ్చినా మానకు."

మానలేదు. ఆ ఏడాది ముగియకముందే నాకు ప్రభుత్వోద్యోగం వచ్చింది. కొన్నేళ్లకు, నిర్బంధపు ఉత్తర్వుల దస్త్రాలు నడిచే ఒక కార్యాలయంలో రహస్య విభాగానికి గుమాస్తానయ్యాను. ఆ కార్యాలయం పేరు రాయను. భయం వల్ల కాదు. ఆ విభాగంలో పనిచేసినవాడికి పేర్లు రాయని అలవాటు చేతిలోనే ఉండిపోతుంది. రోజూ చోడవరం నుంచి బస్సులో వెళ్లివచ్చేవాణ్ణి. ప్లీడరమ్మ కూడా తరచు అదే బస్సు ఎక్కేవారు. దస్త్రాలు చూసేవాడు న్యాయవాది పక్కన కూర్చోరాదని నాకొక నియమం ఉండేది. నా పక్క సీటు ఖాళీగా ఉన్నా సంచి తీసేవాణ్ణి కాను. అది ఆమె గమనించకుండా ఉంటారా? "నువ్వు కూకో బాబూ, నాను ఎనక్కి పోతాను. మనిద్దర్నీ ఒక్క సీట్లో సూస్తే ఆ కండట్రే పైకి రిపోర్టు రాసీగలడు" అని బస్సంతా వినబడేలా అని నవ్వేవారు. నాకు నవ్వు వచ్చేది కాదు. ఆమె నా దగ్గర ఏదో రాబట్టాలని చూస్తున్నారన్న అనుమానమే ఉండేది. ఆమె నేర్పిన అనుమానాన్ని ఆమె మీదనే ప్రయోగిస్తున్నానని అప్పుడు తోచలేదు.

ఆ విభాగంలో నేను పాటించిన క్రమాన్ని గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా దానివల్లనే జరిగింది. నా బల్ల పక్కనున్న బీరువాలో ఒక అరకు 'లోపాలు' అని చీటీ అంటించాను. మార్జిను విడవని అర్జీ, ధ్రువీకరణ లేని వేలిముద్ర, కాగితానికి రెండు వైపులా రాసిన విన్నపం, ఇటువంటివన్నీ ఆ అరలోకి పోయేవి. నెలాఖరు పనిదినాన ఒక్కొక్కదానికీ లోపాల జాబితా జతచేసి, సరిచేసి పంపమని తిప్పి పంపేవాణ్ణి. తనిఖీకి వచ్చిన అధికారి ఆ బీరువాను మిగతా గుమాస్తాలకు చూపించి మెచ్చుకున్నాడు. ఆ మెప్పు నాకు చాలాకాలం తీపిగానే ఉండేది.

ఆ రోజుల్లోనే చీడికాడ వైపు ఒక గ్రామంలో చిల్లర దుకాణం నడిపే సోములును దేశభద్రత చట్టం కింద నిర్బంధించారు. కొండ దిగువ సంతల్లో అతను ఉప్పు, పప్పు, టార్చి బ్యాటరీలు అమ్మేవాడు. అడవిలో ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఉన్నవారికి ఆ సరుకు చేరుతున్నదని, అతను బయట ఉంటే ఇకముందు కూడా చేరుతుందని ఉత్తర్వులో రాశారు. ఈ చట్టం తెలియనివారికి ఒక మాట చెప్పాలి. జరిగిన నేరాన్ని రుజువు చేసి వేసే శిక్ష కాదిది. జరగవచ్చునన్న శంకతో ముందుగానే మనిషిని లోపల ఉంచే అధికారం. విచారణ ఉండదు, సాక్షులు ఉండరు, నిర్బంధాన్ని సమీక్షించే సలహా మండలి ముందు న్యాయవాదిని రానివ్వరు. 'నాకు సంతృప్తి కలిగింది' అని అధికారి రాస్తే ఏడాది వరకు తలుపు మూసుకోవచ్చు. లోపలివాడికి మిగిలేది ఒక్క కాగితం. తనను ఎందుకు విడిచిపెట్టాలో చెప్పుకుంటూ అతను పంపే విన్నపం. దాన్ని ఆలస్యం లేకుండా పరిశీలించి తీరాలి. ఆ ఒక్క నియమమూ తప్పితే, నిర్బంధమే చెల్లదు.

సోములు భార్య పైడితల్లి ప్లీడరమ్మను ఆశ్రయించింది. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలిసినట్టే నాకూ తెలిసింది. కూరల బజారులో ఎవరో, "అమ్మా, ఆడు మంచోడేనంటారా?" అని ప్లీడరమ్మను నిలదీయగా, ఆమె వంకాయలు ఏరుతూ చెప్పిన జవాబు నేను రెండడుగుల దూరం నుంచి విన్నాను. "నాకేటి తెలుసు? నానేమైనా ఆడి కడుపులో దూరి సూసేనా? తప్పు సేసుంటే కేసెట్టమను, సాచ్చుల్ని తెమ్మను, నాను అడ్డు సెప్పను. పెద్దాయనకి సంతృప్తి కలిగిందట! కలగనీ. ఏ కాగితం సూస్తే కలిగిందో, ఆ కాగితం నాకూ సూపించమంటన్నాను, అంతే." ఆ మాటలు నా కోసం అన్నారేమోనని శంకించి, కూరలు కొనకుండానే వచ్చేశాను.

సోములు విన్నపం జైలు నుంచి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. మట్టిరంగు కాగితం మీద, పెన్సిలుతో, రెండు వైపులా, ఎవరో తోటి ఖైదీ రాసిపెట్టాడు. కింద అలికినట్టున్న వేలిముద్ర. దానికి జైలు అధికారి ధ్రువీకరణ లేదు. తెచ్చిన జవాను తన తపాలా పుస్తకం చాపితే, అలవాటు చొప్పున సంతకం చేసి, కింద పదకొండు గంటల నలభై నిమిషాలని వేశాను. మూడు లోపాలు కనిపించాయి. కాగితం అరలో పెట్టాను. ఇది మరపు కాదు, నిర్లక్ష్యం అని కూడా నేను అనుకోలేదు. నా క్రమం ప్రకారం అది ఉండవలసిన చోటే ఉంది. నేను దాని మార్జిను చూశాను, వేలిముద్ర చూశాను, కాగితం వెనుక చూశాను. చదవలేదు.

పంతొమ్మిదో రోజున, పైడితల్లి తరఫున ప్లీడరమ్మ వేసిన పిటిషను మీద, హైకోర్టు నుంచి నోటీసు వచ్చింది. ఏ అధికారంతో ఈ మనిషిని పట్టి ఉంచారో, అతని విన్నపాన్ని ఏనాడు పరిశీలించారో చెప్పమని. విన్నపం ఎక్కడ అని పైఅధికారి అడిగారు. అర తెరిచి తీశాను. అప్పుడు చదివాను. అందులో రాజకీయం లేదు. తాను సంతలో సరుకు అమ్ముతాడనీ, కొన్నవాళ్ల పేర్లు అడగడనీ, ఎవరైనా వచ్చి తననే అడిగితే తెలిసినదంతా చెబుతాడనీ రాయించాడు. రెండో వైపున, నేను లోపంగా లెక్కించిన ఆ రెండో వైపున, ఇలా ఉంది. 'నాకు అరెకరం చెరకు ఉన్నది. ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డరు ఈ పదిహేను రోజుల్లో వచ్చును. నేను లేకపోతే నా ఇంటికి కోత మనుషులు రావడానికి భయపడుతున్నారు. కోత వరకైనా నన్ను వదలండి. మళ్లీ వచ్చి కూర్చుంటాను.' చోడవరంలో పుట్టినవాడికి కటింగ్ ఆర్డరు తప్పిపోవడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఆ గడువులో కోసి తోలకపోతే ఫ్యాక్టరీ ఆ చెరకు తీసుకోదు. తేదీలు లెక్క చూసుకున్నాను. ఆ పదిహేను రోజులు నా బీరువాలోనే గడిచిపోయాయి.

విన్నపాన్ని మర్నాడే ఒక్క వాక్యంతో తిరస్కరించారు. కోర్టుకు ఇవ్వవలసిన తేదీల పట్టిక తయారుచేయమని పైఅధికారి నన్ను గదిలోకి పిలిచారు. ఆయన మర్యాదస్థుడు, గొంతు పెంచే మనిషి కాదు. "మీరు పెట్టిన నియమమే కదండీ ఇది. లోపాలున్న అర్జీ అర్జీ కానట్టే లెక్క. లోపాలను మన్నించి స్వీకరించింది మొన్ననే. కాబట్టి అందిన తేదీ కూడా మొన్నటిదే. మీ మీదికి కూడా ఏమీ రాదు" అన్నారు. వాదన సక్రమంగానే ఉంది. అంత సక్రమంగా ఉండటమే నన్ను కలవరపెట్టింది. నా చీటీ, నా నియమం, నా మాటలే ఆయన నోట వినబడుతున్నాయి. సోమవారం తెస్తానని చెప్పి ఇంటికి వచ్చాను.

ఆదివారం ఉదయం ప్లీడరమ్మ మా ఇంటి గేటు దగ్గరకు వచ్చారు. నేను లోపలి నుంచి గడియ మీద చేయి ఉంచి, తెరవకుండా నిలబడ్డాను.

"ఏటి బాబూ, గేటు కూడా తియ్యవేటి? తోసుకొచ్చీడానికి నానేమైనా గేదెనా?"

"దస్త్రం కోర్టులో ఉందండీ. మనం మాట్లాడుకోవడం పద్ధతి కాదు."

"దస్త్రం ఊసు నానెత్తేనా? మా దొడ్లో ఆనపకాయ కాసింది, తెచ్చేను. ఇదీ లంచమేనేటి?"

నేను చేయి చాపలేదు. ఆమె దాన్ని గోడ మీద నిలబెట్టారు. ఒక అడుగు వేసి, వెనక్కి తిరిగి, "సంతకం కింద గంట ఇంకా ఏస్తన్నావా?" అని అడిగారు.

"వేస్తున్నాను."

"మంచిది. మానకు" అని, ఎండకు కొంగు నెత్తిన వేసుకుని వెళ్లిపోయారు.

ఆనపకాయను మధ్యాహ్నం వరకు గోడ మీదే ఉంచాను. ఏదో తీగ లాగడానికే వచ్చారని గట్టిగా నమ్మాను. అయితే ఏమీ అడగకుండా ఎందుకు వెళ్లారు? ఆ ఒక్క ప్రశ్న ఎందుకు వేశారు? పట్టిక రాయడానికి కూర్చుని, అందిన తేదీ గడి దగ్గర కలం ఆగినప్పుడు అర్థమైంది. నా సంతకం ఉన్నది నా రిజిస్టరులో మాత్రమే కాదు. జైలు జవాను తపాలా పుస్తకంలో కూడా ఉంది, తేదీతో, నిమిషంతో. ఆ పుస్తకం ఆమె చూసి ఉంటారు. నేను మొన్నటి తేదీ రాస్తే, నా సంతకమే నన్ను అబద్ధికుణ్ణి చేస్తుంది. ఆమె తన కేసు కోసం రాలేదు. నేను తప్పు తేదీ రాస్తే ఆమె కేసు ఇంకా బలపడేది. వచ్చింది నా కోసం.

సోమవారం నిజమైన తేదీ రాశాను. పంతొమ్మిది రోజులు విన్నపం ఎక్కడ ఉన్నదో కూడా రాశాను. పైఅధికారి చదివి, "అయితే ఆ అర ఎవరిదో కూడా రాయండి" అన్నారు. రాశాను. నేను సత్యనిష్ఠ వల్ల రాశానో, పట్టుబడతానన్న భయం వల్ల రాశానో ఈనాటికీ తేల్చుకోలేదు. ఆ విషయంలో నన్ను నేను నమ్మను. ఆలస్యానికి సంజాయిషీ లేదని హైకోర్టు నిర్బంధాన్ని రద్దు చేసింది. సోములు మంచివాడని గాని చెడ్డవాడని గాని తీర్పులో లేదు. ఆ ప్రశ్నే అక్కడ రాలేదు. అతను విడుదలయ్యాడు. నన్ను పాత రికార్డుల గదికి మార్చారు. 'లోపాలు' చీటీని నేనే తడిపి, గోటితో గీకి తీసేశాను.

కొన్ని నెలల తరువాత ఒక ఉదయం బస్సులో నా పక్కనున్న సంచి తీసి ఒళ్లో పెట్టుకుని, "కూర్చోండి" అన్నాను. ఆమె కండక్టరు వైపు చూసి, "రాసుకో బాబూ, రిపోర్టు" అని కూర్చున్నారు. అప్పుడు అడిగాను, తపాలా పుస్తకం సంగతి ఆ రోజే సూటిగా ఎందుకు చెప్పలేదని.

"సెప్తే నువ్వు నిజం రాసినట్టు అవదు, నాను రాయించినట్టు అవుద్ది. నీ సంతకం నాకు తెల్దేటి, నా బల్ల మీద నేర్సుకున్నదే కదా. కానీ నీ మీద కూడా అనుమానమే నాకు. ఏటి రాస్తావో సూద్దామనుకున్నాను." టిక్కెట్టు మడిచి కొంగున కట్టుకుని, "ఆడికి సెప్పేవా?" అన్నారు.

"ఎవరికి?"

"సోములికి. కోర్టుకి సెప్పేవు, మీ ఆపీసరుకి సెప్పేవు. కాగితం ఆడిది కదేటి."

నెలరోజులు వాయిదా వేసి, చివరకు వెళ్లాను. దుకాణంలో సోములు ఉల్లిపాయలు తూస్తున్నాడు. నేను ఎవరో, ఏమి చేశానో నిలబడే చెప్పాను. పైడితల్లి చేస్తున్న పని ఆపి గుమ్మంలోకి వచ్చింది. సోములు తక్కెడ దించాడు.

"సదివేరా బాబూ నా కాగితం?"

"చదివాను."

"ఎన్నో రోజున?"

"పంతొమ్మిదో రోజున."

"సెరుకు అప్పటికే ఎండిపోనాది" అంది పైడితల్లి. కోపంగా అనలేదు. వాన ఏనాడు కురిసిందో చెప్పినట్టు చెప్పింది.

సోములు బల్ల మీద చేతులు ఆనించాడు. "ఆ జవాను కాగితం పట్టుకెల్లినకాడి నుంచి రోజూ పొద్దున్నే ఊచల కాడికొచ్చి సూసీవోణ్ణి. ఇయాల ఒక బల్ల దాటుంటాది, రేపు ఇంకో బల్ల దాటుతాది, అనుకునీవోణ్ణి. పంతొమ్మిది రోజులూ నా కాగితం నడుస్తందనుకున్నాను బాబూ. అది కూకునుందన్నమాట."

బేరం కోసం ఒక మనిషి వచ్చి నిలబడగా, అతను మళ్లీ తక్కెడ అందుకున్నాడు. నేను వెనుదిరిగాను. ఆ తరువాత చాలా బల్లలు మారాను. ఏ బల్ల దగ్గరా నాకు అర లేదు. ఏ కాగితం వచ్చినా ముందు రెండో వైపు చదివి, తరువాతే మార్జిను చూసేవాణ్ణి. ఉత్తర్వులో 'సంతృప్తి' అన్న మాట ఎక్కడ కనబడినా వంకాయలు ఏరుతున్న ఆ చేయి జ్ఞాపకం వచ్చేది.

మొన్న ఇన్‌వార్డు బల్ల మీద నేనిచ్చింది కూడా అటువంటి విన్నపమే. రావికమతం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఆమె అన్నను, ఫోనులో ఏదో పంపాడని, అటువంటి ఉత్తర్వు మీదే లోపల పెట్టారు. అతను చేశాడో లేదో నాకు తెలియదు. అతని మాటలు ఆమె చెప్పగా శుభ్రంగా రాసి, మార్జిను విడిచి, ఒక వైపే రాసి, ఎవరూ ఏ అరలోనూ పెట్టడానికి వీలు లేకుండా చేసి ఇచ్చాను. నకలు నా జేబులో ఉంది. తేదీ సరిగానే ఉంది. దాని కింద గంట కూడా ఉంది. అయినా ఆ కాగితం నడుస్తున్నదని నేను నమ్మను. రేపు పొద్దున్న మొదటి బస్సుకు వెళ్లి, అది ఏ బల్ల దగ్గర ఉందో అడుగుతాను. ఎల్లుండి కూడా వెళతాను.